నవ్వించిన మనిషి గొంతు దొరకబుచ్చుకోవడం: మామయ్య క్యాసెట్లతో మా అనుభవం

మా మేనమామది తెనాలి పక్కన పల్లె. వృత్తి బడిపంతులు, ప్రవృత్తి బంధువులందర్నీ నవ్వించడం. పెళ్ళయినా బారసాలైనా మైకు చివరికి ఆయన చేతికే వచ్చేది. సినిమావాళ్ళ మిమిక్రీ, హార్మోనియం మీద పేరడీ పద్యాలు, హరికథ వరసలో పెళ్ళివారి మీద ఆశువుగా కథ, బంతి భోజనాల్లో అందరిచేతా గోవింద కొట్టించే పద్యం, ఇవన్నీ ఆయన సరుకు. ఆయన సంవత్సరీకం నాటికి ఆయన గొంతుతోనే ముప్పావుగంట వినికిడి కార్యక్రమం, దానికి తోడుగా ఒక చిన్న పుస్తకం తయారుచేశాం. ఆ పని ఎలా సాగిందో, ఎక్కడెక్కడ అడ్డం తిరుగుతుందో రాస్తున్నాను.

ఇలాంటి మనిషి పోతే అందరూ చెప్పే మాట ఒకటే: "ఎప్పుడూ నవ్వుతూ నవ్విస్తూ ఉండేవారు." అది ఎవరి ఫొటో కింద వేసినా సరిపోతుంది. ఆయన ఏం చేస్తే నవ్వారు, ఏ మాట దగ్గర ఆగాడు, ఎవరివైపు చూశాడు అన్నది అందులో లేదు. అందుకని పొగడ్తలు పోగుచెయ్యడం మానేసి, ఐటెమ్‌లు పోగుచెయ్యాలని ముందే తేల్చుకున్నాం.

ఒక నోటు పుస్తకంలో ఐటెమ్‌కి ఒక పేజీ కేటాయించాం. పైన ఇంట్లో దానికి వాడుకలో ఉన్న పేరు. కింద: ఏ సందర్భంలో చేసేవాడు, పక్కన ఎవరు అందించాలి, చేతిలో ఏం ఉండాలి (తువ్వాలు, స్టీలు గ్లాసు, ఊతకర్ర), మొదటి మాట, ఆగే చోటు, చివరి మాట, వినేవాళ్ళను బట్టి ఏం మార్చేవాడు. ఉదాహరణకి సరదా అవధానం తీసుకోండి. అసలు అష్టావధానంలో నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, అప్రస్తుత ప్రసంగం లాంటివి ఉంటాయి కదా, మామయ్య వాటన్నిటినీ పెళ్ళివారికి పంచేవాడు. దత్తపదికి నాలుగు మాటలు ఇచ్చేది ఆడపడుచు, అప్రస్తుత ప్రసంగం మాత్రం ఎప్పుడూ వంటమేస్త్రీదే. "అయ్యా అవధానిగారూ, సాంబారులో ఉప్పు సరిపోయిందా?" అనే ఆ మేస్త్రీ లేకపోతే ఐటెమ్ సగం చచ్చినట్టే. ఇవి రాసుకుంటేనే రేపు క్యాసెట్‌లో వినిపించే రెండో గొంతు ఎవరిదో తెలుస్తుంది.

జ్ఞాపకాలు అడిగేటప్పుడు "మామయ్య గురించి చెప్పండి" అంటే పెద్దవాళ్ళు వెంటనే సభా గాంభీర్యంలోకి వెళ్ళిపోతారు. "పెద్దమ్మా, గోవింద పద్యం ఎలా ఎత్తుకునేవాడో ఒకసారి అనవా" అనాలి. చేసి చూపించమంటే చేస్తారు. ఇద్దర్ని కలిపి కూర్చోబెట్టడం ఇంకా మంచిది. ఒకరు తప్పు చెబితే రెండోవారు ఊరుకోరు, ఆ వాదనలోనే అసలు మాట బయటపడుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సమయం కుదురుతుంది. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడత పెట్టిన తువ్వాలు మీద, మాట్లాడేవాళ్ళకి మూరెడు దూరంలో ఉంచాలి. ఫోన్‌ని ఉత్త బల్లమీద పెడితే గ్లాసు పెట్టిన ప్రతిసారీ పిడుగు పడినట్టు రికార్డవుతుంది. సీలింగ్ ఫ్యాను ఆపించండి. పెద్దవాళ్ళకి ఉక్కపోస్తే టేబుల్ ఫ్యాను దూరంగా, మైకుకి గాలి తగలకుండా.

ఇక క్యాసెట్లు. మామయ్యవే కాక, బంధువుల అటకల మీద ఉన్నవన్నీ అడిగి తెచ్చాం. పైన సినిమా పాటల పేరున్నా లోపల పెళ్ళి ఉండొచ్చు, ఆ రోజుల్లో పాత క్యాసెట్ మీదే మళ్ళీ రికార్డు చేసేవాళ్ళు. కాబట్టి లేబుల్ని నమ్మి ఏదీ పక్కన పెట్టకూడదు. చేతికి రాగానే మొదట చెయ్యాల్సింది, క్యాసెట్ వీపున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరగ్గొట్టడం. అవి ఉంటే పొరపాటున రికార్డు బటన్ నొక్కినప్పుడు ఉన్నది చెరిగిపోతుంది.

తరవాత వెలుతుర్లో పట్టుకుని కిటికీలోంచి టేపు చుట్టను చూడాలి. అంచుల మీద తెల్లటి పొడిలా ఉంటే బూజు. కోస్తా గాలికి ఇది మామూలే. బూజు పట్టినదాన్ని మంచి ప్లేయర్‌లో పెడితే టేపుని చదివే హెడ్‌కి అంటుకుని, ఆ తరవాత పెట్టిన క్యాసెట్లకీ పాకుతుంది. వాటిని వేరే సంచిలో ఉంచి, మూతికి మాస్క్ కట్టుకుని, పాడైనా ఫర్వాలేని పాత ప్లేయర్‌లో రెండువైపులా పూర్తిగా తిప్పుతూ పొడి మెత్తటి గుడ్డతో అంచు తుడవాలి. ఆ పాత ప్లేయర్‌ని మళ్ళీ వేరే దేనికీ వాడకూడదు.

టేపు వెనక ఒక చిన్న ఫెల్టు ముక్క రాగి రంగు రేకు మీద అతికించి ఉంటుంది, టేపుని హెడ్‌కి ఒత్తిపెట్టేది అదే. జిగురు ఎండిపోయి అది ఊడిపోతే శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తుంది, మధ్యమధ్యలో మాయమవుతుంది. టేపు పాడైపోయిందని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. టేపు బాగానే ఉంటుంది. అయిదు స్క్రూలున్న ఖాళీ క్యాసెట్ ఒకటి తీసుకుని, విప్పి, రెండు చుట్టలనూ జాగ్రత్తగా అందులోకి మారిస్తే సరి. స్క్రూలు లేకుండా అతికించేసిన రకమైతే అతుకు వెంట పల్చటి బ్లేడుతో విడదియ్యాలి. లోపలి జారుడు షీట్లు ఏ వరసలో ఉన్నాయో ముందే ఫొటో తీసుకోండి. సి-60 (రెండువైపులా కలిపి అరవై నిమిషాలది) టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, సి-90 అయితే 12, సి-120 అయితే 9. సన్నబడేకొద్దీ సాగుతుంది, ముడతపడుతుంది. సి-120 కనబడితే ముందుకీ వెనక్కీ తిప్పకుండా ఒక్కసారి మామూలు వేగంతోనే వినిపిస్తూ కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. మిగతా రకాలను మాత్రం ఎక్కించబోయే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తెస్తే, ఏళ్ళతరబడి అంటుకున్న పొరలు విడిపోతాయి.

ప్లేయర్ సంగతి. చవగ్గా అమ్మే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లలో మోటారు నిలకడగా తిరగదు, హార్మోనియం శ్రుతి ఊగిపోతుంది. లైన్ అవుట్ (శబ్దాన్ని వేరే యంత్రానికి పంపే రంధ్రం) ఉన్న పాత క్యాసెట్ డెక్ ఒకటి సంపాదించి, రబ్బరు బెల్టులు మార్పించి, హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూదిపుల్లతో తుడిస్తే దానికి సాటి లేదు. డెక్ నుంచి లాప్‌టాప్ మైకు రంధ్రానికి తీగ పెట్టకండి. అది మైకు కోసం ఉన్న సున్నితమైన ద్వారం, లైన్ శబ్దం అందులో పగిలిపోతుంది. పైగా రెండు చానళ్ళూ ఒకటైపోతాయి. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ వాడాలి. ఆడాసిటీలో (కంప్యూటర్లో శబ్దం రికార్డు చేసి ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. అరవై నిమిషాల స్టీరియో ఒక జీబీ పైచిలుకు అవుతుంది. రికార్డింగ్ స్థాయి ఎంత పెట్టాలో మామయ్య మాటను బట్టి చూడకండి, జనం నవ్వును బట్టి చూడండి. ఆ నవ్వు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా ఉండాలి. మాటకి సరిపెట్టి వదిలేస్తే నవ్వు దగ్గర శబ్దం చీలిపోతుంది, దాన్ని తరవాత ఎవరూ బాగుచెయ్యలేరు.

క్యాసెట్ ఆడుతుండగా హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని వెంట్రుకవాసి అటూఇటూ తిప్పి, స, శ అక్షరాలు ఎక్కడ స్పష్టంగా వినిపిస్తే అక్కడ ఆపాలి. ప్రతి రికార్డరు హెడ్ కోణం వేరు కాబట్టి ప్రతి క్యాసెట్‌కీ ఇది చూసుకోవాలి. మిమిక్రీ వినాలంటే ఇది తప్పదు. నాగయ్యగారి గొంతుకీ ఎస్వీ రంగారావు గొంతుకీ తేడా పట్టించేది చాలావరకూ ఆ పై శబ్దాలూ ఊపిరే.

వేగం దగ్గర ఎక్కువ సమయం పోతుంది. బ్యాటరీలతో రికార్డు చేసినచోట, బ్యాటరీ నీరసించేకొద్దీ టేపు నెమ్మదించి ఉంటుంది. దాన్ని ఇప్పుడు సరైన వేగంతో వినిపిస్తే గొంతు క్రమంగా సన్నబడి, చివరికి ఆడగొంతులా అయిపోతుంది. ఒక క్యాసెట్‌లో అది మామయ్య చేసిన సూర్యకాంతం అని సగంమంది వాదించారు. తీరా చూస్తే చుట్టూ నవ్వేవాళ్ళ గొంతులు కూడా సన్నబడ్డాయి. కరెంటు మీద రికార్డు చేసినవాటిలో వెనక చిన్నగా గుంయ్‌మనే శబ్దం ఉంటుంది. స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే గ్రాఫు) చూస్తే అది మన కరెంటు ఫ్రీక్వెన్సీ అయిన 50 హెర్ట్జ్ దగ్గర పడాలి, 52 దగ్గర పడిందంటే వేగం నాలుగు శాతం ఎక్కువన్నమాట. ఇప్పటి డెక్ కూడా తన వంతు 50 హెర్ట్జ్ కలుపుతుంది, రెండు గీతలు కనబడితే కచ్చితంగా 50 మీద ఉన్నది డెక్‌దే. అయితే దీన్ని పూర్తిగా నమ్మకూడదు. ఎనభైలు, తొంభైలలో దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 మీద నిలకడగా ఉండేది కాదు, సాయంత్రం వేళ బాగా పడిపోయేది.

మాకు అంతకంటే గట్టి ఆధారం హార్మోనియం. మామయ్య పెట్టె ఇంట్లోనే ఉంది. ఆయన ఏ శ్రుతిలో పాడేవాడో అత్తయ్యకి తెలుసు, నాలుగున్నర. ఆ మెట్టు వాయించి, క్యాసెట్‌లోని శ్రుతికి సరిపోయేదాకా వేగం మార్చడమే. నాలుగు శాతం తేడా వస్తే శ్రుతి ముప్పాతిక మెట్టుకి కాస్త తక్కువగా పెరుగుతుంది, అలవాటున్న చెవికి అది వెంటనే తెలుస్తుంది. మార్చేటప్పుడు "చేంజ్ స్పీడ్" వాడాలి, టెంపో ఒక్కటీ మారిస్తే గొంతు అలాగే ఉండిపోతుంది. బ్యాటరీ నీరసించిన క్యాసెట్‌ని రెండేసి నిమిషాల ముక్కలుగా విడగొట్టి దేనికది సరిచెయ్యాల్సి వచ్చింది.

శబ్దం శుభ్రం చెయ్యడంలో అత్యాశ పనికిరాదు. నిశ్శబ్దంగా ఉన్న రెండు సెకన్లు నమూనాగా ఇచ్చి, 6 నుంచి 9 డెసిబెల్స్ మించకుండా హిస్ (టేపు వెనక వినిపించే బుస) తగ్గిస్తే చాలు. 20 పెడితే మాట నీళ్ళలోంచి వచ్చినట్టుంటుంది, ఊపిరి తీసుకోవడం మాయమైపోతుంది. పెద్ద నవ్వు రావడానికి కొద్ది సెకన్ల ముందే అదే నవ్వు సన్నగా వినబడిందంటే కంగారు పడకండి. చుట్టలో పక్క పొర అయస్కాంతం అంటుకోవడం వల్ల వచ్చేదది, అలా వదిలెయ్యడమే మంచిది.

అన్నిటికంటే ముఖ్యం: నిశ్శబ్దాలను కత్తిరించే "ట్రంకేట్ సైలెన్స్" జోలికి పోవద్దు. మా పిల్లల్లో ఎడిటింగ్ తెలిసినవాళ్ళు మొదట చెయ్యబోయేది అదే, వీడియోలు అలా చేసి అలవాటు. మామయ్య గోవింద పద్యం మూడో పాదం తరవాత దాదాపు నాలుగు సెకన్లు ఏమీ మాట్లాడడు. విస్తట్లో ఏం తక్కువైందో చూస్తున్నాడని ఆ పందిట్లోవాళ్ళకి తెలుసు. ఆ నాలుగు సెకన్లు తీసేస్తే పద్యం మిగులుతుంది, నవ్వు పోతుంది. దగ్గు, గ్లాసు చప్పుడు, "ఒరేయ్ పప్పు ఇటు" అన్న కేక కూడా ఉండాల్సిందే. ఆ కేక వినే కదా ఆయన నాలుగో పాదం మార్చింది.

వీడియోల దగ్గర నిరాశకి సిద్ధపడండి. తొంభైల నాటి పెళ్ళి వీహెచ్ఎస్‌లలో ఫొటోగ్రాఫర్లు ఎడిటింగ్‌లో అసలు శబ్దం తీసేసి సినిమా పాటలు వేసేవాళ్ళు. మామయ్య మైకు పట్టుకుని చేతులు తిప్పుతుంటాడు, జనం పొట్ట పట్టుకుంటారు, వెనక ఏదో డ్యూయెట్ నడుస్తుంటుంది. ఎడిట్ చెయ్యని అసలు టేపులు స్టూడియోలో అడగొచ్చు గాని, ఖరీదైనవి కాబట్టి వాటిమీద మరో పెళ్ళి ఎక్కించి ఉంటారు. అయినా ఈ మూగ వీడియో పనికొస్తుంది. అదే పెళ్ళిది ఎవరి దగ్గరో ఆడియో క్యాసెట్ ఉంటే, పెదవుల కదలిక చూసి రెండూ జతచెయ్యొచ్చు. టేపు వేగం నిలకడగా ఉండదు కాబట్టి ప్రతి అరనిమిషానికీ మళ్ళీ సర్దుకోవాలి.

చివరి పదేళ్ళ సరుకంతా వాట్సాప్‌లో ఉంటుంది. ఆయన ఫోన్ నంబరుకి రీచార్జి ఆపకుండా, మొత్తం బ్యాకప్ తీసేదాకా నడిపించాలి. నంబరు రద్దయితే అది కొన్నాళ్ళకి వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది. వాయిస్ నోట్ల ఫైలు పేరులోనే తేదీ ఉంటుంది, ఫోల్డర్లోంచి నేరుగా కాపీ చేసుకుంటే అది నిలుస్తుంది. బంధువులు ఫార్వర్డు చేస్తే వచ్చేది పంపిన రోజు తేదీ. ఫొటోలు అడిగేటప్పుడు "డాక్యుమెంట్‌గా పంపించు" అని చెప్పకపోతే కుదించినవి వస్తాయి. పాత ఆల్బమ్ జిగురు పేజీలకి అతుక్కున్నవాటిని లాగొద్దు. పేజీ మొత్తం అలాగే 600 డీపీఐలో స్కాన్ చెయ్యడం మేలు.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన భాగం. నవ్వించేవాళ్ళ సరుకులో నొప్పించేవి తప్పకుండా ఉంటాయి. ఒకరి నత్తి, ఒకరి కట్నం బాకీ, ఒక కులంవాళ్ళ యాస. ఆ రోజున అందరూ నవ్వారు గదా అని ఇప్పుడు వినిపించలేం. ఎవరి మీద చేశాడో వాళ్ళనే ముందు ఒంటరిగా కూర్చోబెట్టి వినిపించి అడిగాం. నత్తి ఉన్న బాబాయి "అది లేకపోతే నేను రాను" అన్నాడు. కట్నం సంగతి మాత్రం వద్దన్నారు, తీసేశాం. యాస మీద ఉన్నవి ఎవర్నీ అడగకుండానే పక్కన పెట్టాం, దానికి అనుమతి ఇవ్వగల ఒక్క మనిషంటూ ఉండరు. తీసినవాటిని చెరపలేదు. వేరే ఫోల్డర్‌లో ఉంచి, ఎందుకు తీశామో ఒక వాక్యం రాసిపెట్టాం. ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం మా ఉద్దేశం కాదు కదా.

వినేవాళ్ళలో సగంమంది ముప్పై ఏళ్ళ లోపువాళ్ళు. రేలంగి గొంతు చేశాడంటే వాళ్ళకి అసలు గొంతే తెలియదు. అందుకని ప్రతి మిమిక్రీ ముక్కకీ ముందు అసలు నటుడి మాట పదిసెకన్లు పెట్టాం. ఇక్కడొక తమాషా బయటపడింది. ఆ తరం ఇంటి మిమిక్రీవాళ్ళు చాలామంది నేరుగా నటుల్ని అనుకరించలేదు, వరంగల్లు నేరెళ్ళ వేణుమాధవ్ (1932–2018) చేసినదాన్ని విని చేశారు. మామయ్య రంగారావు అసలు రంగారావుకంటే వేణుమాధవ్ రంగారావుకి దగ్గరగా ఉన్నాడు. పుస్తకంలో ఆ మాట రాశాం, అది ఆయనకి తక్కువేం కాదు.

పుస్తకం డెమ్మీ 1/8 సైజు, రెండు ఫారాలు, అంటే 32 పేజీలు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి కాబట్టి 30 రాసుకెళ్తే రెండు ఖాళీగా మిగులుతాయి. లోపల 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో కాయితం చాలు. ప్రెస్సుల్లో డీటీపీ ఇప్పటికీ చాలాచోట్ల అను ఫాంట్లలోనే (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) నడుస్తుంది. మనం ఫోన్లో కొట్టిన యూనికోడ్ అక్కడ కన్వర్టర్లో పడి మారుతుంది, ఒత్తులు జరుగుతాయి, అంకెలు తారుమారవుతాయి, పొల్లు ఎగిరిపోతుంది. కాబట్టి ప్రూఫు కాయితం మీద తెప్పించుకుని, మూలంతో పోల్చి ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూసుకోవాలి. పద్యాల్లో ఒక్క గురువు లఘువైనా గణం పోతుంది, పేరడీకి గణం సరిగ్గా పడటమే ప్రాణం.

రోజు విషయానికి వస్తే, సంవత్సరీకం తిథిని బట్టి కదా. తేదీ ప్రకారం చూస్తే సుమారు పదకొండు రోజులు ముందుకొస్తుంది, నడుమ అధికమాసం వస్తే వెనక్కి జరుగుతుంది. పంతులుగారు తిథి ఖాయం చేశాకే దూరపువాళ్ళకి టికెట్లు కొనమని చెప్పాలి. కర్మ జరిగే పూట ఇవేవీ వద్దని పెద్దలు అన్నారు, సబబే. భోక్తలు లేచి, బంధువుల భోజనాలయ్యాక, సాయంత్రం నాలుగింటికి పెట్టాం.

మైకుసెట్ వాళ్ళు పెట్టెని ఎకోతో ఉంచుతారు, పాత క్యాసెట్ మీద ఎకో పడితే ఒక్క మాటా అర్థం కాదు. "ఎకో సున్నా, బాస్ తగ్గించు" అని ముందుగానే చెప్పి, ఒక ముక్క వినిపించి చూడాలి. ఒక్కో ముక్క ఒకటిన్నర నుంచి మూడు నిమిషాలు. మాట సరిగ్గా తెలియని చోట గోడమీద ప్రొజెక్టరుతో అక్షరాలు వేశాం. అయితే చివరి మాట మాత్రం వెయ్యలేదు, ముందే చదివేస్తే నవ్వు చచ్చిపోతుంది. ఉపన్యాసాలు, దండలు ముందు పెట్టకండి. జనం ఒకసారి గంభీరమైపోతే నవ్వడానికి బెరుకు పడతారు. ఎవరూ ఏమీ చెప్పకుండా నేరుగా గోవింద పద్యంతో మొదలుపెడితే, నాలుగు సెకన్ల నిశ్శబ్దం తరవాత గదిలోవాళ్ళు క్యాసెట్‌లోవాళ్ళతో కలిసి గోవింద కొట్టారు.

వెళ్ళేటప్పుడు ఇంటికో పెన్‌డ్రైవ్ ఇచ్చాం. అసలు వేవ్ ఫైళ్ళు వేర్వేరు ఊళ్ళలో రెండు హార్డ్‌డిస్కుల్లో, ఇంకొకటి క్లౌడ్‌లో ఉన్నాయి, పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి ఎంపీ3లే. చాలామంది వినేది కార్లలో. ఆ స్టీరియోలు కొన్ని వేవ్ తీసుకోవు, తెలుగు పేర్లని డబ్బాలుగా చూపిస్తాయి, పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో లేకపోతే గుర్తుపట్టవు. అందుకని ఫైళ్ళకి 01, 02 అని అంకెలే పెట్టి, ఏ అంకె ఏ ఐటెమో పుస్తకం చివరి అట్ట లోపలివైపు అచ్చేయించాం.